అడవి ఉత్తతిత్తి: మన జిల్లా పిట్టని మొదట చూసిందెవరు?

వీడియో చూడ్డానికి డేటా సరిపోని వాళ్ల కోసం ఈ ఎపిసోడ్ మాటలు ఇక్కడ రాసి పెడుతున్నాం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంటుంది. అక్కడక్కడా మా నెల్లూరు యాస దొర్లితే సర్దుకోండి.

ఈ కథ ఒక వాట్సాప్ మెసేజ్‌తో మొదలైంది. మా పెద్దమ్మ కొడుకు మెల్‌బోర్న్‌లో ఉంటాడు. వారమంతా ఆఫీసు, శనివారం వస్తే కెమెరా మెడలో వేసుకుని పార్కుల వెంట పడతాడు. పసుపు జుట్టున్న తెల్ల కాకటూలు, ఏడు రంగులు పూసుకున్నట్టుండే లోరికీట్లు, మనిషి పగలబడి నవ్వినట్టు అరిచే కూకబర్రా, ఇట్టాంటి ఫొటోలు వరసగా పంపుతాడు. కూకబర్రా అంటే మన లకుముకి పిట్ట కుటుంబమే, సైజు పెద్దది. ఒకరోజు ఫొటోల కింద "ఏంరా తమ్ముడూ, మన కొడవలూరులో ఏముంది? కాకులూ కొంగలేగా?" అని రాశాడు.

నాకు కాలింది. నా దగ్గరున్నది సెకండ్‌హ్యాండ్‌లో కొన్న చిన్న జూమ్ కెమెరా, ఒక ఫోను. మాగాణి గట్ల మీద నిలబడి నత్తగుల్ల కొంగల్ని, తీతువుల్ని తీసుకుంటూ ఉంటాను. మన దగ్గర ఏముందో చెబుదామని పాత పుస్తకాల సంగతులు వెతకడం మొదలుపెట్టాను. వెతికితే తేలిందేమిటంటే, ప్రపంచంలో ఇంకే దేశంలోనూ లేని ఒక పిట్ట గురించి మొదటిసారి పుస్తకానికెక్కినప్పుడు, దాని పక్కన రాసిన ఊళ్ల పేర్లు నెల్లూరు, కడప. అన్నకి ఆ రాత్రే వాయిస్ మెసేజ్ పెట్టాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

1840ల్లో నెల్లూరులో ఒక సివిల్ సర్జన్ ఉండేవాడు. పేరు థామస్ కావర్‌హిల్ జెర్డన్. 1811లో ఇంగ్లండ్‌లో పుట్టాడు, 1836లో ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా మద్రాసు వచ్చాడు. ఉద్యోగం వైద్యం, పిచ్చి మాత్రం పిట్టల మీద. నెల్లూరులో ఉన్న ఏళ్లలో తూర్పు కనుమల దాకా తిరిగాడు. ఈ రోజు మన పొలాల పక్క చిట్టడవిలో పాడుతూ పైకెగిరి, రెక్కలు చాపి కిందికి దిగే చిన్న భరతపక్షి ఉందే, దాని ఇంగ్లీషు పేరులో కూడా జెర్డన్ పేరే ఉంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఫొటోగ్రఫీని ప్యారిస్‌లో లోకానికి ప్రకటించింది 1839లో. అంటే జెర్డన్ నెల్లూరుకి వచ్చే వేళకి కెమెరా అనే వస్తువు భూమ్మీద ఉంది. కానీ పిట్టకి పనికొచ్చేది కాదు. ఆ రోజుల్లో మనిషి ఫొటో తీయాలన్నా కదలకుండా, ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. పిట్ట కూర్చుంటుందా? అందుకని పిట్టని "చూడటం" అంటే అప్పుడు ఒకటే దారి: తుపాకీతో కొట్టాలి, చర్మం ఒలిచి దూది నింపాలి, కాలికి చీటీ కట్టి పెట్టెలో పెట్టాలి. రంగులు వెలిసిపోకముందే చిత్రకారుడు బొమ్మ గీయాలి. జెర్డన్ 1843 నుంచి 1847 మధ్య మద్రాసులో ఒక పుస్తకం విడతలుగా అచ్చు వేయించాడు. యాభై పక్షుల బొమ్మలు, ఎక్కువగా దక్షిణాదివి. గీసింది దేశీ చిత్రకారులు. అచ్చు రాతి మీద, రంగులు చేత్తో వేసినవి. ఒక్కో కాపీలో ఒక్కో బొమ్మకీ ఎవరో కూర్చుని కుంచెతో రంగు నింపాలన్నమాట. మనం ఫిల్టర్ నొక్కితే క్షణంలో అయిపోయేదానికి వాళ్లకి రోజులు పట్టేది.

సరిగ్గా అవే ఏళ్లలో, 1840 నుంచి 1848 దాకా, జాన్ గూల్డ్ అనే ఆయన ఆస్ట్రేలియా పక్షుల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. ఆరువందల బొమ్మలు. మొదట్లో చాలా బొమ్మలు ఆయన భార్య ఎలిజబెత్ గీసింది, పుస్తకం సగంలో ఉండగానే 1841లో చనిపోయింది. అక్కడా అదే పద్ధతి, ముందు తుపాకీ, తరవాత కుంచె. ఈ గూల్డ్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

సరే, జెర్డన్‌కి ఈ పిట్టలెక్కడ ఉంటాయో ఎవరు చెప్పారు? నెల్లూరులో ఆయన యానాదులతో తిరిగాడు. వాళ్ల సాయంతోనే ఇక్కడి జంతువుల్ని, పక్షుల్ని తెలుసుకున్నాడు, వాళ్లు పిలిచే పేర్లు రాసుకున్నాడు. అందుకే 1862 నుంచి 1864 మధ్య వచ్చిన ఆయన పెద్ద పుస్తకం, మన దేశపు పక్షుల మీద రాసినది, తిరగేస్తే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పేర్లు తగులుతూ ఉంటాయి. ఒక పిట్ట దగ్గర "అడవ ఉత తిత్తి" అని ఉంది. మొదట నాకు అర్థం కాలేదు. రెండు మూడుసార్లు పైకి చదివాక వెలిగింది. ఉత్త తిత్తి! తిత్తి అంటే సంచి. ఉత్త అంటే ఖాళీ. అడవిలో ఉండే ఖాళీ సంచి.

మా ఊరి చివర కాలనీలో ఒక యానాది పెద్దాయన ఉన్నాడు. కోతల కాలంలో పొలాల్లో ఎలకల్ని పట్టడానికి వస్తాడు. నాకు ఏ గట్టు మీద ఏ పిట్ట గుడ్డు పెట్టిందో చెప్పేది ఆయనే. ఈ పేరు ఆయనకి చెప్పి "ఏంది తాతా దీని అర్థం?" అని అడిగాను. నవ్వి, "ఏముంది అబ్బయ్యా, దాని వెనకాల పోయినోడు ఉత్త సంచితో ఇంటికొస్తాడు, అదే" అన్నాడు. సరదాకి అన్న మాటే అనుకోండి. కానీ తరవాత నూటయాభై ఏళ్ల చరిత్ర చూస్తే ఆ సరదా మాటే నిజమైంది.

ఈ పిట్ట నేల మీద పరిగెత్తేది. జానెడు కన్నా కొంచెం పొడుగు, మట్టిరంగు, రొమ్ము మీద అడ్డంగా రెండు పట్టీలు. రాత్రిపూట తిరుగుతుంది, పగలు పొదల్లో దాక్కుంటుంది. రాళ్లున్న ఎగుడుదిగుడు నేల, పలచటి ముళ్ల అడవి దీనికి కావాలి. మన తెలుగు ప్రాంతాల్లో ఇప్పుడు దీన్ని కలివికోడి అంటారు, కలివి పొదల మధ్య ఉంటుంది కాబట్టి. జెర్డన్ సంపాదించిన ఈ పిట్టని కలకత్తాలో ఎడ్వర్డ్ బ్లైత్ అనే పండితుడు 1848లో శాస్త్రానికి పరిచయం చేశాడు. ఇంగ్లీషు పేరు జెర్డన్ మీద పెట్టారు. యానాదుల పేరు లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో మిగిలిపోయింది.

తరవాత గోదావరి, ప్రాణహిత లోయల వైపు బ్లాన్‌ఫర్డ్ అనే భూగర్భ శాస్త్రవేత్తకి ఒకటి రెండు చోట్ల కనపడింది. 1900లో అనంతపురం దగ్గర హోవార్డ్ క్యాంప్‌బెల్ చూశాడు. అంతే. ఆ తరవాత చూసినవాళ్లు లేరు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వెతికారు, సలీం అలీ వెతికించాడు, దొరకలేదు. అంతరించిపోయిందేమోనన్న అనుమానం బలపడింది. మధ్యలో ఒక విచిత్రం ఉంది. కోలార్ బంగారు గనుల్లో పనిచేసిన ఒక పశువుల డాక్టరు 1917లో సేకరించిన గుడ్డు ఒకటి స్కాట్లాండ్‌లో ఆబర్డీన్ విశ్వవిద్యాలయం సేకరణలో ఉండిపోయింది. అది కలివికోడి గుడ్డేనని డీఎన్ఏ పరీక్షతో తేలింది 2013లో. లోకమంతా పిట్ట పోయిందని అనుకుంటున్నప్పుడు దాని గుడ్డు ఒక సొరుగులో పడుకుని ఉంది.

ఇప్పుడు 1986 జనవరికి రండి. బొంబాయి సొసైటీ నుంచి భరత్ భూషణ్ అనే యువకుడు కడప జిల్లాలో సిద్ధవటం దగ్గర లంకమల కొండల చుట్టూ తిరుగుతున్నాడు. ఊరూరా బొమ్మ చూపించి "ఈ పిట్టని చూశారా?" అని అడగడమే పని. రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే వేటగాడికి ఆ పిట్ట తెలుసు. రాత్రిపూట దీపం వెలుగులో వేటాడే మనిషి. ఒక రాత్రి ఆయన దాన్ని ప్రాణంతో పట్టి తెచ్చాడు. ఎనభై ఆరేళ్ల తరవాత!

ఆ పిట్ట ఎక్కువ కాలం బతకలేదు. ఆ చర్మం బొంబాయి సొసైటీకి చేరింది. సలీం అలీకి అప్పటికి తొంభై దగ్గర పడుతోంది, మరుసటి ఏడే ఆయన పోయాడు. ఈ కబురు ఆయన బతికుండగానే చెవిన పడటం నాకు సంతోషం. కానీ ఐతన్న తెచ్చిన పిట్ట చచ్చిపోవడం గురించి చదివినప్పుడు మాత్రం గొంతులో ఏదో అడ్డం పడినట్టైంది. ఆయన తప్పు అని నేను అనను. ప్రాణంతో పట్టి తేవడం ఆయనకొచ్చిన విద్య, అడిగినవాళ్లకీ అప్పుడు వేరే దారి లేదు. చీకట్లో పొదల్లో పరిగెత్తే పిట్టని 1986లో ఏ కెమెరాతో తీస్తారు?

ఆ దారి ఇంకో పదిహేనేళ్లకి దొరికింది. జగన్నాథన్ అనే తమిళనాడు పరిశోధకుడు, ఇంగ్లండ్ శాస్త్రవేత్తలతో కలిసి, 2000 తరవాతి ఏళ్లలో అదే అడవిలో పనిచేశాడు. వాళ్లు చేసిన పని వింటే మీకు ముచ్చటేస్తుంది. పొదల మధ్య ఖాళీల్లో మెత్తటి మట్టిని సన్నటి పట్టీల్లాగా పరిచారు. రాత్రి పిట్ట ఆ పట్టీ మీదుగా నడిచిపోతే, పొద్దున అడుగులు కనిపిస్తాయి. కలివికోడికి వెనక వేలు లేదు, ముందుకి మూడే వేళ్లు. ఏ పిట్ట అడుగో కొలతలు తీసి పోల్చారు. అడుగులు పడిన చోట తనంతట తానే ఫొటో తీసే కెమెరా పెట్టారు. మనిషి ఉండడు, తుపాకీ లేదు, వల లేదు. పిట్ట తన దారిన తాను నడిచి వెళ్తుంది, దాని బొమ్మ మిగులుతుంది. జెర్డన్ పెట్టెల నుంచి ఇక్కడికి రావడానికి నూటయాభై ఏళ్లు పట్టింది.

ఆ అడుగులు, ఫొటోలు ఎంత పనికొచ్చాయంటే, అక్కడ పిట్ట ఉందని రుజువు చేయడానికి అవే ఆధారం. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటు చేసింది ఈ పిట్ట కోసమే. అయినా 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం దాని పొదల మీదికి వచ్చింది. అనుమతి లేకుండా యంత్రాలు దిగాయి, కొంత నేల పోయింది. పరిశోధకులు, అటవీ శాఖ గట్టిగా పట్టుకోవడంతో కాలువ దారి మార్చారు. తెలుగుగంగ నీళ్లు మన సోమశిల, కండలేరు మీదుగా చెన్నై పోయేవే కదా. నీళ్లు వద్దని ఎవరంటారు? సిద్ధవటం పక్కన పారే పెన్నే సోమశిల దాటి వచ్చి మా కొడవలూరు మాగాణి తడుపుతుంది. ఆ అడవి ఎక్కడో వేరే లోకంలో ఉందని నేను అనుకోలేను, అంతవరకే చెబుతున్నా.

ఇది చెప్పగానే మా అన్న ఊరుకుంటాడా? "మాకూ ఉంది ఒకటి" అన్నాడు. ఉంది నిజమే. నైట్ ప్యారట్, రాత్రి చిలక. 1861లో దానికి శాస్త్రంలో పేరు పెట్టింది ఇందాక చెప్పిన గూల్డే. ఆస్ట్రేలియా నడిమి ఎడారుల్లో, ముళ్ల గడ్డి గుబుర్లలో ఉంటుంది. పచ్చగా, పొట్టిగా ఉంటుంది, ఎక్కువగా నేల మీదే, రాత్రిపూటే తిరుగుతుంది. 1912 తరవాత దాని నమూనా దొరకలేదు. 1990లో క్వీన్స్‌లాండ్‌లో రోడ్డు పక్కన ఒక చచ్చిన చిలక కనిపించింది. వెతుకుతూ పోతున్న మ్యూజియం వాళ్లు కాదు, వేరే పని మీద పోతూ బండి ఆపిన మ్యూజియం వాళ్లు చూశారు! 2013లో జాన్ యంగ్ అనే పక్షుల మనిషి, ఏళ్ల తరబడి దాని కూత వెంటపడి, పడమటి క్వీన్స్‌లాండ్‌లో బతికున్నదాన్ని ఫొటో, వీడియో తీశాడు.

నాకు ఆ ఫొటో కన్నా దాని తరవాత జరిగింది ఎక్కువ నచ్చింది. చోటు ఎక్కడో బయటికి చెప్పలేదు. చిలకలంటే దొంగతనంగా పట్టి అమ్మేవాళ్లుంటారు, చూడాలని ఎగబడేవాళ్లూ ఉంటారు. ఆ నేలని ఒక సంరక్షణ సంస్థ కొని అభయారణ్యం చేసింది. ఫొటో లోకమంతా చూసింది, చిరునామా మాత్రం దాచారు.

ఇది ఎందుకు నచ్చిందంటే నేను సరిగ్గా దానికి ఎదురు చేశాను కాబట్టి. ఈ ముక్క వీడియోలో చెప్పేటప్పుడు నేను రెండుసార్లు ఆగాను, ఎడిటింగ్‌లో తీసేశాను. ఇక్కడ రాస్తున్నా.

రెండేళ్ల కింద ఎండాకాలం. మా ఊరి బయట, దుక్కి చేయని చేలో తీతువు గుడ్లు పెట్టింది. మీరు తీతువు గూడు చూశారో లేదో, అసలు గూడే ఉండదు. నేల మీద చిన్న గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్లు, మధ్యలో రాళ్ల రంగే ఉన్న నాలుగు గుడ్లు. కాలు పెట్టేదాకా తెలీదు. తీతువు కూస్తే కీడని మనవాళ్లు తరిమేస్తారు గానీ, అది కూసేది గుడ్లు తొక్కుతారేమోనన్న భయంతో. చెప్పాను కదా, ఆ పెద్దాయన దూరం నుంచి చూపించాడు. "దగ్గరికి పోవద్దు అబ్బయ్యా, ఎండకి గుడ్డు ఉడికిపోద్ది" అన్నాడు. అది పైన నిలబడేది పొదగడానికే కాదు, నీడ పట్టడానికి కూడా.

నేను తలూపాను. మర్నాడు ఒక్కణ్ణే పోయాను. దగ్గరికి పోయి నాలుగు గుడ్లూ ఫ్రేమ్ నిండా వచ్చేట్టు ఫోనుతో తీశాను. పిట్ట నెత్తి మీద తిరుగుతూ అరుస్తా ఉంది, అది కూడా వీడియో తీశాను. ఒక గ్రూపులో పెట్టాను, ఎవరో "ఎక్కడ బ్రో?" అంటే లొకేషన్ పంపించాను. సాయంత్రానికి మూడు బైకులు వచ్చాయంట. రెండో రోజు పోయి చూస్తే గుంట ఉంది, గులకరాళ్లున్నాయి, గుడ్లు లేవు. కుక్క తినిందో, కాకి ఎత్తుకుపోయిందో, మనిషే తీసుకుపోయాడో తెలీదు. మనుషుల వాసనా, అడుగులూ కుక్కకి దారి చూపిస్తాయని తరవాత తెలిసింది. ఆ ఫొటోకి మూడొందల చిల్లర లైకులు వచ్చాయి. పెద్దాయన నన్నేమీ అనలేదు. ఆ ఏడు కోతలప్పుడు మాత్రం పిట్టల మాట ఎత్తలేదు.

అందుకని ఫోను చేతిలో ఉన్నవాళ్లకి నేను కనిపెట్టుకున్నవి కొన్ని చెబుతాను. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆఫ్ చేయండి, లేకపోతే మీరు చెప్పకపోయినా ఫొటో చెబుతుంది. గూడు, గుడ్డు, పిల్లల ఫొటో వద్దే వద్దు. పిట్ట తల ఎత్తి మీ వంక చూసిందంటే అప్పటికే మీరు దగ్గరికి వచ్చేశారని అర్థం, ఆగిపోండి. స్పీకర్లో కూత వినిపించి పిట్టని పిలవడం కొందరికి సరదా. పరిశోధకులు కూడా కలివికోడిని అట్టాగే వెతికారు, కానీ లెక్కగా, నోటు రాసుకుంటూ. మనం రీల్ కోసం పదిసార్లు వేస్తే అది శత్రువొచ్చాడని వెతుక్కుంటూ మేత మానేస్తుంది.

ఫొటో కోసం దాక్కోవాలంటే తిప్పలు పడాల్సిందే. ఇంగ్లండ్‌లో కీర్టన్ అన్నదమ్ములు పిట్టల ఫొటోలకి 1900 ప్రాంతంలో ఏం చేశారో తెలుసా? ఎద్దు తోలుతో బోలు ఎద్దుని తయారు చేసి, దాని కడుపులో కెమెరాతో నిలబడ్డారు. మన ఊళ్లో నిజం ఎద్దు పక్కన నడిస్తే చాలు, కొంగలు పట్టించుకోవు. నేను ట్రాక్టరు నీడలో కూర్చుంటాను. ట్రాక్టరు వెనక నత్తగుల్ల కొంగలు, తెల్ల కొంగలు వరసకట్టి వస్తాయి, రెండు బారల దూరంలో.

ఇక దూరం పోగలిగితే, దొరవారిసత్రం దగ్గర నేలపట్టు ఉంది. 1976లో అభయారణ్యం అయింది. 2022 నుంచి తిరుపతి జిల్లా అంటున్నారు గానీ మాకు ఇంకా మన నెల్లూరే. అక్టోబరు నుంచి గూడబాతులు వస్తాయి, నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. అక్కడ టవరెక్కి చూడాలి, దిగి దగ్గరికి పోవడానికి లేదు. అదే మంచిది. పక్కనే వెదురుపట్టులో ఎర్రకాళ్ల కొంగలు ఊరి మధ్య చెట్ల మీదే గూళ్లు పెడతాయి, ఊరివాళ్లు ఎవర్నీ రాయి విసరనివ్వరు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని ఆ చుట్టుపక్కల రైతులకి తెలుసు. ఏ శాస్త్రవేత్తా వచ్చి నేర్పక ముందు నుంచీ తెలుసు.

కలివికోడి సంగతికొస్తే, ఆ కెమెరాలు, అడుగుల తరవాత మళ్లీ చాలా ఏళ్లు మౌనం. మళ్లీ పోయిందనే అనుకున్నారు. 2025 ఆగస్టులో కొందరు పక్షిప్రియులు కడప జిల్లాలో రాత్రిపూట దాని కూత విన్నారు, రికార్డు చేశారు. ఈసారి ఎవరూ పట్టుకోలేదు. సౌండు ఫైలు ఒక్కటే తెచ్చుకున్నారు.

ఆ వార్త నేను మా పెద్దాయనకి చెప్పాను. ఇద్దరి మధ్యా పిట్టల మాట వచ్చి అప్పటికి చాన్నాళ్లైంది. ఆయన కాసేపు ఆలోచించి, "ఎట్టా అరుస్తాదంట?" అని అడిగాడు. నాకు చెప్పడం రాలేదు, ఫోనులో పాత రికార్డింగు ఒకటి వెతికి వినిపించాను. రెండు మాటల కూత, మళ్లీ మళ్లీ. ఫోను చెవి దగ్గర పెట్టుకుని మూడుసార్లు విన్నాడు. తిరిగిచ్చేస్తూ, "రేపు పొద్దున ఐదుకి రా. కాలవ కట్ట మీద నక్కి ఉండాలి. కెమెరా వద్దు, ఊరికే రా" అన్నాడు.

ఏం చూపించాడో వచ్చే ఎపిసోడ్‌లో చెబుతాను. ఫొటో మాత్రం ఉండదు.